బొగ్గు విడిచిన మన్ను

భూగర్భమునుండి త్రవ్వి తీసిన బొగ్గును మనము ఇంధనమనియే పిలుచుచున్నాము గాని, గోండ్వానా యుగపు నదీలోయలలో, కోట్లకొలది సంవత్సరములకు పూర్వము, వృక్షశేషములతోపాటు కొట్టుకొనివచ్చి పేరుకొన్న ఒండ్రును పొరపొరయందును ఇముడ్చుకొన్న భారతీయ బొగ్గులో, నిజము విచారించినచో, ఇంచుమించు మూడవపాలు మన్నే. సింగరేణి గనులదైనను, ఒడిశాలోని తాల్చేరు గనులదైనను, మన విద్యుత్కేంద్రములలో కాలెడు బొగ్గు నూటికి ముప్పదినుండి నలువదియైదు పాళ్లవఱకు బూడిదగా మిగులును. ఓడలలో దిగుమతియగు విదేశపు బొగ్గునందు ఈ భాగము సాధారణముగా పది, ఇరువది పాళ్ల నడుమ నుండును. వేయి మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రమొకటి పూర్తిబలముతో ఒక దినము పనిచేసినచో, దాని బాయిలరు కొలుములు సుమారు పదునాఱువేల టన్నుల బొగ్గును మ్రింగి, ఐదాఱువేల టన్నుల బూడిదను విడుచును. అనగా రైలుపెట్టెలకెక్కించి వందల మైళ్లు మోయించి తెచ్చిన సరకులో పెద్దపాలు, అగ్నిహోత్రునికి ఏమాత్రమును పనికిరాని మన్నన్నమాట. దానిని మోసినందులకును కూలి చెల్లించియే యున్నాము.

ఈ మన్ను గతి యేమి? గడచిన అర్ధశతాబ్దికి పైగా ఆర్థికశాస్త్రజ్ఞులు కొందఱు ఇట్టి ప్రశ్ననే మఱింత విశాలముగా వేసికొనుచున్నారు. మానవుడు భూమిని అంతులేని పచ్చికబయలుగా తలచుట మాని, పరిమితమైన సామగ్రితో పయనించు అంతరిక్షనౌకగా తలపవలెనని 1966లో కెనెత్ బౌల్డింగ్ వ్రాసెను. వస్తువుల ఆయుర్దాయమును పెంచి, మరమ్మతు చేసి, మరల మరల వాడుకొన్నచో శక్తివ్యయము తఱిగి పనివారికి ఉపాధి పెరుగునని 1976లో వాల్టర్ స్టాహెల్, జెనెవియేవ్ రెడే అనువారు ఐరోపా సంఘమునకు నివేదించిరి. 1990లో డేవిడ్ పియర్స్, కెర్రీ టర్నర్ అను ఆర్థికవేత్తల గ్రంథముతో చక్రీయ ఆర్థికవ్యవస్థ అను భావము పాఠ్యగ్రంథములలో నిలద్రొక్కుకొన్నది. 2008లో చైనా దానిని శాసనముగా చేసికొనగా, 2015లో ఐరోపా సమాఖ్య కార్యప్రణాళికను ప్రకటించినది. వర్తులాకారమున బాణపు గుర్తులు గీసిన పటములు నేడు ప్రభుత్వ నివేదికలలోను, వ్యాపారసంస్థల వార్షిక పత్రములలోను విరివిగా కనుపించుచున్నవి. పటము గీయుటలో శ్రమ లేదు. ఒక్కొక్క బాణమునకు మొదట నెవరు నిలిచియున్నారు, చివర నెవరు చేయిచాచియున్నారు, నడుమ దూరమెంత, బాడుగ ఎవరిచ్చెదరు, పుచ్చుకొనువానికి ఆ సరకుపై నమ్మకమెట్లు కుదురును అను సంగతులు మాత్రము ఆ పటములలోనికెక్కవు. ఈ అధ్యాయమునకు నేను బూడిదను ఎన్నుకొనుటకు హేతువిదియే: పరిశోధన ఒక దశాబ్దమునను, శాసనము వేఱొక దశాబ్దమునను, చేతినేర్పు మఱియొక దశాబ్దమునను వచ్చి దీనిని తాకినవి గనుక, వీనిలో దేనికెంత శక్తిగలదో, ఏది ఒంటరిగా నిలువజాలక పోయినదో, విడివిడిగా పరిశీలించుటకు ఇంతకంటె అనువైన ద్రవ్యము నాకు కానరాలేదు.

మన పల్లెలలో బూడిద ఎన్నడును దిక్కులేని వస్తువు కాదు. పొయ్యిలోని బూడిదతో అంట్లు తోమిరి. కంది, పెసర గింజలకు పట్టించి పురుగుపట్టకుండ కుండలలో దాచిరి. కచ్చికబూడిదతో పండ్లు తోముకొనిరి. మిగిలినదానిని పెంటకుప్పపై పోసి తొలకరికి చేలకు తోలిరి. కట్టెల బూడిదలో పొటాషు అధికము గనుక ఆ చివరిపని శాస్త్రసమ్మతమే. అయితే అచ్చట తట్టెడు బూడిదకు వాకిటిలోనే పది ప్రయోజనములుండెను. ఇచ్చట దినమునకు ఐదువేల టన్నుల బూడిదకు వాకిలియే లేదు. వస్తువు కంటె దాని రాశియే ఇందలి చిక్కు.

కొలిమిలో జరుగు కార్యమును కొంత వివరముగా చూడవలెను, ఏలయన తరువాతి కథ యంతయు దానిపైననే ఆధారపడియున్నది. మెత్తని పిండిగా విసరిన బొగ్గు గాలితో కలిసి కొలిమిలోనికి చిమ్మబడినంతనే కర్బనము క్షణకాలములో మండిపోవును; దానిని అంటియుండిన మట్టికణములు, పదునాలుగువందల డిగ్రీల ప్రాంతమున నుండు ఆ వేడిమిలో కరగి, తలతన్యతాప్రభావముచే గుండ్రని బిందువులై, పొగతోపాటు పైకిలేచి, చల్లని మార్గములలో ప్రవేశించును. అచ్చట అవి చల్లబడుట ఎంత శీఘ్రముగా జరుగుననగా, సిలికా, అల్యూమినా అణుసముదాయములు స్ఫటికములుగా బారులుతీరుటకు వ్యవధి చాలక, ద్రవావస్థలోని అస్తవ్యస్తస్థితియందే బిగిసిపోయి గాజుగా మాఱును. సూక్ష్మదర్శినిలో చూచినచో మన కన్నులకు మురికిగా తోచిన ఆ ధూళి, మిల్లీమీటరులో వేయవవంతునుండి పదవవంతువఱకు వ్యాసముగల గాజుగోళముల రాశిగా కనుపించును. వానిలో కొన్ని, వాయువు లోపల చిక్కుకొనుటచే, బోలుగోళములై నీటిపై తేలును. బూడిదచెఱువుల అంచులలో తెల్లని తెట్టుగా చేఱెడు ఈ గోళములను ఏఱి తేలికరకపు నిర్మాణసామగ్రికిని, ప్రత్యేకములైన రంగులకును అమ్ముచున్నారు, తక్కిన బూడిదకంటె వీని వెల యెన్నో రెట్లు.

పొగగొట్టము చేఱకమున్నే ఈ ధూళిని పట్టుటకు ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దమున కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ కాట్రెల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొన్న విద్యుదవక్షేపక యంత్రము ఉపకరించుచున్నది. అధిక విద్యుత్పీడనముచే కణములకు ఆవేశము కల్పించి లోహపు పలకలకు అతుకుకొనునట్లు చేయుట దీని మర్మము. బూడిద మొత్తములో నూటికి ఎనుబది పాళ్లు ఇట్లు పొగనుండి చిక్కిన ఎగురుబూడిద. శేషించిన ఇరువది పాళ్లు కొలిమి అడుగున రాలెడు ముతకబూడిద.

గాజైనందువలన బూడిదకు వచ్చిన లాభమేమి? స్ఫటికరూపమున నున్న ఇసుక రసాయనికముగా స్తబ్ధమైనది. దానిని సున్నముతో కలిపి వేయేండ్లుంచినను విశేషముగా మార్పు చెందదు. క్రమము తప్పి బిగిసిన గాజులోని సిలికా యట్లు కాదు. తేమ సమక్షమున సున్నము తగిలినచో మెల్లగా కరగి, దానితో సంయోగము చెంది, కాల్షియం సిలికేటు జిగురుగా ఏర్పడి, రాళ్లను రాళ్లకు అతుకగలదు. సిమెంటులో బంధనశక్తియైనదియు ఈ జిగురే. ఇటలీలో నేపుల్సు నగరమునకు సమీపమునగల పొజువోలి అను పట్టణపు అగ్నిపర్వతధూళియు ఇట్టి గాజే. దానిని సున్నముతో మేళవించిన మిశ్రమము నీటిలో సైతము గట్టిపడునని రోమను వాస్తువేత్త విట్రూవియస్ రెండువేల ఏండ్లకు పూర్వమే వ్రాసియుంచెను. రోమునగరపు పాంథియోన్ దేవాలయమున, నలువదిమూడు మీటర్ల వ్యాసముతో, ఉక్కు ఊచ ఒక్కటియు లేక, పందొమ్మిది శతాబ్దములుగా నిలిచియున్న గుమ్మటము ఈ మిశ్రమపు చలువయే. ఆ యూరి పేరున ఇట్టి ద్రవ్యములన్నిటిని నేడు పొజోలానాలందురు.

మనవారికిని ఈ రహస్యము తెలియకపోలేదు. కాల్చిన ఇటుకను దంచి పొడిచేసి, సున్నముతో కలిపి గానుగలో నూఱి, ఆ సుర్కీ గచ్చుతో కోటలను, చెఱువు తూములను, వంతెనలను కట్టినారు. పందొమ్మిదవ శతాబ్దాంతమున కేరళలోని ముల్లపెరియారు ఆనకట్టను, ఇరువదవ శతాబ్దారంభమున కావేరిపై కృష్ణరాజసాగరమును సుర్కీతోనే నిర్మించిరి. కాలిన మట్టిపొడి సున్నముతో కలిసి రాయిగా మాఱునని యెఱిగిన తాపీపనివారి మనుమలు, అంతకంటె సన్ననిదై, అంతకంటె వేడిలో కాలిన మట్టిపొడి విద్యుత్కేంద్రమునుండి ఊరకనే లభించునప్పుడు దానిని చూచి మొగము త్రిప్పుకొనుట చరిత్రలోని చిత్రములలో నొకటి.

పరిశోధన ఆలస్యము చేయలేదు. 1937లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున రేమండ్ డేవిస్, ఆయన సహచరులు ఎగురుబూడిదను సిమెంటులో కలిపి ప్రయోగములు చేసి ఫలితములను ప్రకటించిరి. 1953లో పూర్తియైన మోంటానాలోని హంగ్రీ హార్సు ఆనకట్టలో దీనిని విస్తారముగా వాడిరి. భారీ ఆనకట్టలలో కాంక్రీటు గట్టిపడునపుడు పుట్టెడు వేడిమి బయటికి పోలేక లోపలనే నిలిచి పగుళ్లకు కారణమగును. సిమెంటులో కొంత తగ్గించి బూడిద వేసినచో ఆ వేడిమి తఱుగును. మనదేశమున ఉత్తరప్రదేశములోని రిహండ్ ఆనకట్టకు ఈ పద్ధతిని అనుసరించిరి; 1966లో భారతీయ ప్రమాణసంస్థ బూడిదకు ప్రమాణములను సైతము నిర్ణయించినది. ఇంత జరిగిన పిదప ముప్పదియేండ్లకు, అనగా 1996–97లో, మన విద్యుత్కేంద్రములు సుమారు 6.9 కోట్ల టన్నుల బూడిదను ఉత్పత్తిచేయగా, అందులో ఏదేని పనికి వినియోగపడినది 9.63 శాతము. తక్కినదంతయు చెఱువుల పాలైనది.

ఈ అరువది సంవత్సరముల జాప్యమును గూర్చి యోచించునపుడు, శాస్త్రజ్ఞానము ఉన్నంతమాత్రముననే సమాజము దానిని అందుకొనునని తలచుట ఎంత భ్రమయో తెలియవచ్చును. బూడిద కలిసిన కాంక్రీటు తొలి నాలుగు వారములలో సాధారణ సిమెంటుకంటె కొంత బలహీనముగానుండి, మూడు నెలలకు దానిని మించును. సెంట్రింగు ఊడదీయు తొందరలోనున్న మేస్త్రికి మూడునెలల తరువాతి బలముతో పనిలేదు. ఇంజనీరునకు కొలబద్దలు పాతవి. కొనువానికి బూడిద యనగానే కల్తీ యను శంక. ఈ మూటికంటెను పెద్దకారణము వేఱొకటి కలదు: పాఱవేయుట చౌక. నది ప్రక్కన నీరు ఊరకనే దొరకెను, భూమి ప్రభుత్వమిచ్చెను, ఒక పాలు బూడిదకు ఐదాఱు పాళ్లు, కొన్నిచోట్ల పది పాళ్ల నీరు కలిపి గొట్టములలో తోడి, గట్లుపోసిన చెఱువులోనికి వదలినచో, ఆ పూటకు బాధ్యత తీరిపోయెను. మఱియొకవైపున ఇటుకల బట్టీకి కావలసిన చేలమన్ను ఎకరాల లెక్కన చౌకగా దొరకుచుండెను. రెండు ప్రక్కలను ప్రకృతి తన సొత్తుకు వెలకట్టక ఊరకుండగా, నడుమనున్న బూడిదను తలకెత్తుకొనుటకు ఎవరికిని అవసరము కలుగలేదు.

చెఱువునకు పంపుటలో శాస్త్రదృష్ట్యా ఒక నష్టము కలదు. అవక్షేపకయంత్రమునుండి వచ్చిన సన్నని పొడిని అడుగుబూడిదతో కలిపి, నీట నానబెట్టి, ఏండ్లతరబడి ఆరుబయట నుంచినచో, ఏ గుణమునుబట్టి అది సిమెంటుకు చుట్టమగునో ఆ గుణము పలుచనగును. ఇది గాక, బొగ్గులో లేశమాత్రముగా నుండు ఆర్సెనిక్, సెలీనియం, సీసము, క్రోమియం వంటివి బూడిదలో సాంద్రతరములగును గనుక, గట్టు సరిగా లేనిచోట అవి భూగర్భజలములోనికి ఊరుటకు అవకాశము కలదు; వేసవిలో ఎండిన చెఱువునుండి లేచిన ధూళి సమీపగ్రామములలోని ఇండ్లమీదను, ఆరవేసిన బట్టలమీదను, పైరులమీదను వ్రాలును. ఇబ్రహీంపట్నము ప్రాంతపు కృష్ణాతీరవాసులకును, రామగుండము, పాల్వంచ పరిసరముల వారికిని ఈ సంగతిని గూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు. గట్లు తెగుటయు కలదు. 2008 డిసెంబరు 22న అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రమున కింగ్‌స్టన్ విద్యుత్కేంద్రపు బూడిదకట్ట తెగి, దాదాపు నలువది లక్షల ఘనమీటర్ల బురద నదిలోనికిని ఇండ్లమీదికిని పొరలినది. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశములోని సింగ్రౌలి జిల్లాలో బూడిదకట్ట తెగినప్పుడు మనుష్యులే కొట్టుకొనిపోయిరి.

ఇక శాసనము. 1994లో కేంద్రప్రభుత్వపు శాస్త్ర, సాంకేతికశాఖ ఆధ్వర్యమున ఫ్లై యాష్ మిషన్ ఆరంభమై, ప్రయోగశాలలోని విద్యను రోడ్లమీదను, పొలములలోను, గనులలోను పరీక్షించి చూపుటకు పూనుకొన్నది. ఢిల్లీలో యమునపై నిజాముద్దీన్ రెండవ వంతెనకు చేఱు రహదారి గట్టును చెఱువుబూడిదతో నిర్మించి, అది వానకును బరువుకును నిలుచునని ఋజువుచేసిరి. కాని ఋజువులు ఎన్నియున్నను పుచ్చుకొనుమని నిర్బంధించు అధికారము వానికి లేదు. ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున ప్రజాహిత వ్యాజ్యము విచారణకు వచ్చి ఉత్తరువు వెలువడిన పిమ్మట, 1999 సెప్టెంబరు 14న, పర్యావరణ పరిరక్షణచట్టము క్రింద ప్రకటన జారియైనది. విద్యుత్కేంద్రమునకు యాబది కిలోమీటర్ల లోపల ఇటుకలు చేయువారు మన్నులో నూటికి కనీసము ఇరువదియైదు పాళ్లు బూడిద కలుపవలెననియు, పదియేండ్లపాటు విద్యుత్కేంద్రములు బూడిదను ఉచితముగా ఇయ్యవలెననియు దాని సారాంశము.

ఆ యాబది కిలోమీటర్లను పాఠకుడు జ్ఞాపకముంచుకొనవలెను. బూడిద బరువునకు చౌక, పరిమాణమునకు పెద్ద. దానిని లారీకెత్తి కొంతదూరము పోవుసరికి బాడుగ సరకు వెలను దాటును. కావున ఇట్టి వస్తువులకు చక్రము గీయునపుడు దాని వ్యాసార్ధమును నిర్ణయించునది రసాయనశాస్త్రము కాదు, డీసెలు ధర. 2003లో సవరించిన ప్రకటన ఈ వ్యాసార్ధమును నూఱు కిలోమీటర్లకు పెంచినది. 2016లో అది మున్నూఱు కిలోమీటర్లయి, నూఱు కిలోమీటర్లలోపు బాడుగ యావత్తును, ఆపైని దూరమునకు సగమును విద్యుత్కేంద్రమే భరింపవలెనను నియమమేర్పడినది. 2021 డిసెంబరు 31నాటి ప్రకటన మఱియొక అడుగు వేసి, వినియోగింపక మిగిల్చిన ప్రతి టన్నుకును వేయి రూపాయల పరిహారమును విధించి, చెఱువులలో పూర్వమునుండి పేరుకొన్న బూడిదను పదియేండ్లలో కరగించుమని ఆజ్ఞాపించినది. పుచ్చుకొనువానిని నిర్బంధించుటతో మొదలైన శాసనము, ఇరువది రెండేండ్లకు, పుట్టించినవానినే బాధ్యునిగా నిలబెట్టుటకు వచ్చినదని గమనింపవలెను. నా యభిప్రాయమున మొదటనే ఇట్లు చేసియుండినచో కొన్ని చెఱువులు తవ్వనక్కఱ లేకపోయెడిది.

శాసనము ఇటుకబట్టీవానిని బూడిద కలుపుమన్నది గాని, కలిపిన పిదప మరల కాల్పక తప్పలేదు. అసలు కాల్చనవసరమే లేని ఇటుకను గూర్చి యోచించినవారు విశాఖపట్టణమున నుండిరి. ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అను పరిశోధకదంపతులు గత శతాబ్దపు చివరి దశాబ్దములలో రూపొందించిన ఫాల్-జి విధానము, బూడిద, సున్నము, జిప్సము అను మూడు ద్రవ్యముల ఆంగ్లనామములలోని తొలియక్షరములనే పేరుగా ధరించినది. బూడిదకును సున్నమునకును జరుగు సంయోగము స్వభావముచేత మందగతి కలది. దానిని త్వరితపఱచుటకు పూర్వము ఆవిరితో ఉడుకబెట్టు పద్ధతి కలదు గాని, ఆవిరికి బాయిలరు, బాయిలరునకు పెట్టుబడి, పెట్టుబడికి ధనికుడు కావలసివచ్చెను. మిశ్రమములో తగుపాళ్లలో జిప్సము చేఱినచో అందలి గంధకితము బూడిదలోని అల్యూమినాతోను, సున్నముతోను, నీటితోను కలిసి ఎట్రింజైటు అను సూదులవంటి స్ఫటికములను తొలిదినములలోనే అల్లును. ఆ అల్లిక ఇటుకకు నిలద్రొక్కుకొను బలమునిచ్చుచుండగా, దాని సందులలో సిలికేటు జిగురు తీరికగా పెరిగి వారములపాటు ఇటుకను గట్టిపఱచుచుండును. కలుపు యంత్రమొకటి, అచ్చులు నొక్కు యంత్రమొకటి, తడుపుటకు నీరు, ఆరబెట్టుటకు నీడ — ఇంతియే సరంజామా. నిప్పు లేదు, పొగ లేదు.

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించిన సంగతి వేఱొకటి కలదు. ఈ మూడు ద్రవ్యములలో మూడును ఇతర పరిశ్రమల విసర్జనములే కావచ్చును. బూడిద విద్యుత్కేంద్రమునుండి వచ్చును; సున్నము ఎసిటిలీన్ వాయువును తయారుచేయు కర్మాగారములలో కార్బైడు అడుగున బురదగా మిగులును; జిప్సము, ఎరువుల కర్మాగారములలో ఫాస్ఫారికామ్లము చేయునపుడు కొండలుగా పేరుకొనును. ఓడరేవు, ఎరువుల పరిశ్రమ, ఉక్కు కర్మాగారము సమీపసమీపముగా నెలకొన్న విశాఖ పరిసరములలో ఇట్టి ఆలోచన తలయెత్తుటయందు ఆశ్చర్యము లేదు. డెన్మార్కులోని కలుండ్‌బోర్గు పట్టణమున విద్యుత్కేంద్రపు ఆవిరి, జిప్సము, బూడిద ఇరుగుపొరుగు పరిశ్రమలకు అందిన విధానమును లోకమంతయు కొనియాడుచున్నది. అచ్చట పెద్దసంస్థలు ఒకదానితో నొకటి గొట్టములద్వారమున మాటలాడుకొన్నవి. ఇచ్చట జరిగినది, రెండెకరముల స్థలములో పదిమంది కూలీలతో పనిచేయగల ఒక చిన్నపరిశ్రమ, మూడు పెద్దపరిశ్రమల శేషమును గోడగా మార్చుట. వేలకొలది చిన్న కర్మాగారములు ఈ దారిని పట్టినవి. కాల్పులేక పోవుటవలన మిగిలిన ఇంధనమునకు ప్రతిఫలముగా ప్రపంచబ్యాంకు నిర్వహించు కర్బననిధి వీనిలో కొన్నింటికి సొమ్ము చెల్లించుటకును ఒడంబడికలు జరిగినవి.

కాల్చిన ఎఱ్ఱ ఇటుక ఒక్కొక్కటి దాదాపు మూడు కిలోల మన్ను. గోదావరి జిల్లాలలో ఊకతోను, ఇతరత్ర బొగ్గుతోను, వేయి డిగ్రీల ప్రాంతమున దానిని కాల్చుదురు; ఆ మన్ను చేని పైపొరది, మొలకెత్తించు సత్తువ యున్నదియు ఆ పొరలోనే. తెలుగునాట నేడు పట్టణములలో లేచుచున్న అనేక కట్టడములకు నెఱసిన రంగుగల బూడిద ఇటుక వాడుకలోనికి వచ్చుటవలన కొంత చేను మిగిలినదని నిస్సంశయముగా చెప్పవచ్చును. సిమెంటు విషయమున లాభము ఇంతకంటె పెద్దది. సున్నపురాయిని 1450 డిగ్రీలవఱకు కాల్చి క్లింకరు చేయుటలో, రాయినుండియు ఇంధనమునుండియు కలిసి, టన్ను క్లింకరునకు ముప్పాతిక టన్నుకు మించిన బొగ్గుపులుసు వాయువు వెలువడును. పొజోలానా సిమెంటులో 15నుండి 35 శాతమువఱకు బూడిద చేఱవచ్చునని ప్రమాణములు అనుమతించుచున్నవి గనుక, చేఱినంతమేరకు ఆ వాయువు పుట్టకయే పోవును.

బూడిదకు గిరాకి కలిగినంతనే దాని చుట్టునున్న మనుష్యుల తీరు మాఱినది. 2009లో సవరించిన నియమములు, చిన్న ఇటుకల కర్మాగారములకు కనీసము ఇరువది శాతము పొడిబూడిదను ఉచితముగా విడిచి, తక్కినదానిని విద్యుత్కేంద్రములు అమ్ముకొనుటకు సమ్మతించినవి. సిమెంటు కర్మాగారములు పెద్దపెద్ద గాదెలును, గాలితో నింపెడు లారీలును సమకూర్చుకొని ముందుకు వచ్చినవి. ఉచితపు పాలు తమకందుటలేదని చిన్న ఇటుకలవారు మొఱపెట్టుకొనుట పరిపాటియైనది. కడపజిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రపు బూడిదను తాడిపత్రి ప్రాంతపు సిమెంటు కర్మాగారములకు ఎవరి లారీలు మోయవలెనన్న విషయమై 2024లో ఇరుగుపొరుగు నియోజకవర్గములవారి నడుమ రేగిన రగడ పత్రికలకెక్కినది. బూడిదలో పోసిన పన్నీరని వెనుకటివారు దేనిని నిరర్థకమనుకొనిరో, ఆ బూడిదకే పోలీసుకాపలా కావలసివచ్చెను! పరిహాసమునకు తోచినను, ఒక విసర్జనము సరకుగా మాఱినదనుటకు ఇంతకంటె బలమైన సాక్ష్యమును నేనెఱుగను.

ప్రభుత్వ గణాంకముల ప్రకారము 2021–22లో ఉత్పత్తియైన బూడిద 27 కోట్ల టన్నులు దాటగా, అందులో 95.95 శాతము వినియోగమైనది. తొమ్మిది శాతమునుండి తొంబదియైదునకు పెరుగుట పాతికేండ్లలో సాధింపదగిన కార్యములలో సామాన్యమైనది కాదు. అయితే వినియోగము అను పద్దులో చేఱినవన్నియు ఒక్కజాతివి కావు. సిమెంటులో కలిసినది ఇంచుమించు నాలుగింట ఒక పాలు. ఇటుకలు, రహదారులు మఱికొంత. పల్లపు నేలలను పూడ్చుటకును, త్రవ్వి విడిచిన గనులను నింపుటకును పోయినది గణనీయమైన భాగము. విడిచిన గనిని శాస్త్రీయముగా నింపుట మంచిదే, అచ్చటినుండి వచ్చిన మన్ను అచ్చటికే చేఱినది; కాని పట్టణపు శివారున ఒక గుంటను బూడిదతో పూడ్చి పైన అడుగు మన్ను పఱచుటను చక్రమునందు ఒక మలుపుగా లెక్కించుటకు నా మనస్సంగీకరింపదు. చెఱువు పేరు మాత్రము మాఱినది. శాతముల లెక్కకు బహుమానమున్నంతకాలము శాతములే పెరుగును. ఏ పనికి ఎంత విలువయని నియమములు వేఱుపఱచి గుణించినప్పుడు గాని పరిశ్రమల బుద్ధి ఉత్తమవినియోగమువైపు మఱలదు. గాజుగుణము చెడని పొడిబూడిదను గుంట పూడ్చుటకు వాడుట, విత్తనపు వడ్లను దంచి తినుటవంటిది.

ఇంతకంటెను లోతైన ఆక్షేపణ యొకటి కలదు. బొగ్గు త్రవ్వుచునే యున్నాము; కర్బనము ఆకాశమునకు పోవుచునే యున్నది; గోడలో చేఱిన బూడిద ఆ గోడ కూలిననాడు మరల బూడిదగా చేతికిరాదు. 1971లో నికొలాస్ జార్జెస్కు-రోగన్ అను ఆర్థికవేత్త ఉష్ణగతికశాస్త్రపు రెండవ నియమమును ఆర్థికవ్యవహారములకు అన్వయించి, ఏ వస్తువును సంపూర్ణముగా వెనుకకు మఱలించుట సాధ్యముకాదనియు, మఱలించు ప్రతి ప్రయత్నమునకును వేఱొకచోట శక్తి వ్యయమగుననియు హెచ్చరించెను. ఆ దృష్టితో చూచినచో మన బూడిద కథ చక్రముకాదు, ఒక సరళరేఖను కొంత పొడిగించి, దాని చివరను మఱియొక రేఖ మొదలుతో అతికించుట. ఇది చిన్నపని యని నేననను. దీనిని పూర్ణచక్రమని చాటించువారితో మాత్రము ఏకీభవింపజాలను.

బొగ్గుపై ఆధారపడిన దేశము బొగ్గును విడిచిననాడు ఈ అతుకు ఏమగును? బ్రిటన్‌లో చిట్టచివరి బొగ్గు విద్యుత్కేంద్రము, రాట్‌క్లిఫ్-ఆన్-సోర్, 2024 సెప్టెంబరు 30న మూతపడినది. బూడిద కావలసిన కాంక్రీటు పరిశ్రమ ఇప్పుడు అచ్చట దిగుమతులవైపును, పూర్వము పూడ్చిపెట్టిన బూడిదదిబ్బలవైపును చూచుచున్నది. అమెరికాలో పాత చెఱువులను త్రవ్వి, తడిబూడిదను ఎండబెట్టి, మిగిలిన కర్బనమును కాల్చివైచి, జల్లించి అమ్ము కర్మాగారములు వెలసినవి. మన చెఱువులలో పేరుకొనియున్న రాశికిని ఇట్టి శుద్ధియే శరణ్యము; నానినందున మందగించిన కణములను మరల విసరి సన్నముచేసినచో క్రొత్తతలములు బయలుపడి చుఱుకుదనము కొంత తిరిగివచ్చునని ప్రయోగములు తెలుపుచున్నవి. విసరుటకగు విద్యుత్తు ఖర్చు, ఆదాయగు సిమెంటు విలువకు లోబడియుండునా యనునది ఒక్కొక్క చెఱువునకు వేఱువేఱుగా లెక్కవేయవలసిన సంగతి.

బూడిద తఱిగిననాటికి సిమెంటులో క్లింకరు స్థానమును దేనితో నింపుదుమన్న ప్రశ్నకు స్విట్జర్లాండులోని లొసాన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున కారెన్ స్క్రివెనర్ బృందమును, ఢిల్లీ, మద్రాసు ఐ.ఐ.టి.ల పరిశోధకులును, క్యూబా శాస్త్రజ్ఞులును కలిసి కనుగొన్న సమాధానము, కాల్చిన కయొలిను మట్టిని, కాల్చని సున్నపురాతిపొడిని క్లింకరుతో కలుపుట. ఆ మట్టిని 700, 800 డిగ్రీల నడుమ కాల్చిన చాలును. క్లింకరు భాగము సగమునకు తగ్గినను బలము తగ్గదు. 2023లో భారతీయ ప్రమాణసంస్థ దీనికి ప్రమాణమును వెలువరించినది. సుర్కీ గానుగలలో నూఱిన పూర్వుల పనికిని దీనికిని బంధుత్వము స్పష్టమే. పింగాణి పరిశ్రమకు తెల్లమట్టిని త్రవ్వునపుడు ఇనుము కలిసి రంగుచెడినదని ప్రక్కకు నెట్టిన మట్టి ఈ సిమెంటునకు ఏమాత్రమును పనికిరానిది కాదు. రంగు ఇచ్చట దోషముకాదు గనుక. అట్టి దిబ్బలు ఏ జిల్లాలో ఎన్నియున్నవి, వానిలో కయొలిను పాలెంత, సమీపపు సిమెంటు కర్మాగారము ఎంతదూరము అను పట్టికను భూగర్భశాఖలు ఇప్పుడే సిద్ధపఱచినచో, బూడిద విషయమున జరిగిన అరువదియేండ్ల ఆలస్యము మట్టి విషయమున జరుగనక్కఱ లేదు.